బీరువాలో మోగిన ఫోను

ఇది మొదలైనది మొన్న మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు. అంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, కుక్కరు రెండో కూత వేసినప్పుడు గోడ గడియారం చూశాను, అప్పుడే గేటు చప్పుడైంది. మా తమ్ముడి భార్య కొల్లూరు నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "వదినె, ముక్తినాథ్ పోతున్న. మా ఇండ్ల బ్లాకు ఆడోళ్ళమే అందరం. ఒక్క మాట అడిగి పోదామని వచ్చిన. ఫోను తీస్కపోవాల్నా, ఇంట్ల పెట్టి పోవాల్నా?" అంది. మూడో కూత రాకముందే స్టవ్వు ఆపేశాను. ఆ పూట పప్పు పలుకులు పలుకులుగానే తిన్నాం.

వేరే ఇంట్లో అయితే ఇది అరనిమిషంలో తేలే సంగతి. నేపాల్లో మన సిమ్ము పనిచేస్తుందా, అక్కడి సిమ్ము కొనుక్కోవాలా, ఎంత అవుతుంది, అంతే. మా ఇంట్లో మాత్రం ఆరేళ్ళుగా ఎవరూ నోరెత్తని ప్రశ్న అది.

మావారికి పటాన్‌చెరు దగ్గర ఈ ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగం వచ్చి గోదావరి వైపు నుంచి వచ్చేటప్పుడు, నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి చదువు కోసం వెంట తెచ్చుకున్నాను. మాలో ఈ ఊరి మాట మొదట పట్టుకున్నవాడు వాడే. బళ్ళో చేరిన నెలకే "ఏందక్కా, గిట్ల చేసినవ్" అనడం మొదలుపెట్టాడు. ఏడాదిపాటు దిద్దాను, తరవాత నేనే అలసిపోయాను. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో చేరి ఇరవై ఆరేళ్ళు చేశాడు. కంది దగ్గరి రైతుల అమ్మాయిని తానే చూసుకుని పెళ్ళి చేసుకున్నాడు. మా మేనత్త ఆ పెళ్ళికి వచ్చి, అక్షింతలు వేసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళింది. కాలం ఎంత కొంటెదంటే, ముసలితనంలో ఆవిడను ఇంట్లో పెట్టుకుని మూడు పూటలా వండిపెట్టింది ఆ అమ్మాయే. అయినా ఆవిడ కళ్ళలోకి చూసి మాట్లాడ్డానికి ఆ అమ్మాయి చివరిదాకా జంకేది.

తమ్ముడి ఫ్యాక్టరీలో ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. లోపలంతా నిప్పంటుకునే ద్రావకాల ఆవిరి. గేటు దగ్గర గోడకు కొట్టిన అరల్లో ఎవరి ఫోను వాళ్ళు పెట్టి, టోకెను తీసుకుని వెళ్ళాలి. షిఫ్టు అయ్యాక టోకెను ఇస్తే ఫోను ఇస్తారు. అది వాడికి ఎంత అలవాటైందంటే, మా ఇంటికి భోజనానికి వచ్చినా ఫోను గడపలో కిటికీ మీద పెట్టి లోపలికి వచ్చేవాడు.

ఆరేళ్ళ కిందట నేను ముక్తినాథ్ బయలుదేరినప్పుడు ఫోను సంగతి వాళ్ళింట్లో వాడితోనే మాట్లాడాను. మావారు అప్పటికే పోయారు, ఇల్లు తాళం వేసి వెళ్ళాలి. నాది బటన్ల ఫోను. బస్సు యాత్రలో ఒకరు పనిచేస్తుందంటారు, ఒకరు చెయ్యదంటారు, నిమిషానికి ఎంత పడుతుందో ఎవరూ సరిగా చెప్పరు. తేలని లెక్క నాకు పడదు. తమ్ముడు నవ్వాడు. "అక్కా, గా ఫోనుతోని పరేషాన్ ఎందుకు? మేం రోజూ గేటు కాడ పెట్టి పోతలేమా? ఎనిమిది గంటలు ఎవడు పుట్టిండో ఎవడు సచ్చిండో తెల్వది. బయటికొచ్చినంక సూస్కుంటం. నువ్వు గూడ గట్లనే పో. దేవునిది గూడ ఒక గేటే గదా."

పక్కనే మంచం మీదున్న మేనత్త కూడా వాణ్ణి మొదటిసారి మెచ్చుకుంది. మావైపు పాతవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. యాత్రలో ఉన్నవాళ్ళకు చావు కబురు చెప్పరు. వింటేనే మైల, వినకపోతే లేదు. విన్నారా, గుడి మెట్టు ఎక్కకూడదు, అంతదూరం పోయిందంతా వృథా. "ఫోనంటే మైలను కొంగున కట్టుకుని పోవడమేనే" అంది ఆవిడ. నేను ఫోను బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టాను. ఆపేద్దామంటే తమ్ముడు వద్దన్నాడు. "మల్ల చాలు చేసుడు నీకు రాదు. పదిహేను దినాల దాక చార్జింగు ఉంటది తీయ్."

యాత్ర బాగా జరిగిందని చెప్పక తప్పదు. ఆ చలిలో నూట ఎనిమిది ధారల కింద తల పెట్టి, చెవులు మొద్దుబారిపోయి బయటికొచ్చాను. మిగతా ఆడవాళ్ళు ప్రతి మజిలీలో సిగ్నలు కోసం మేడలెక్కి చేతులు పైకి చాపుతుంటే నేను వేడి టీ తాగుతూ కూర్చున్నాను. వాళ్ళను చూసి జాలిపడ్డాను.

తిరిగొచ్చి, బస్సు దిగి, ప్రసాదం సంచితో నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. మేనత్త వరండాలో కూర్చుని ఉంది. "మొక్కులన్నీ తీరాయా? ఇంకెక్కడికైనా వెళ్ళాల్సింది మిగిలిందా?" అని అడిగింది. అన్నీ తీరాయి అన్నాను. "అయితే సంచి అక్కడ పెట్టి స్నానానికి పద" అంది. అలా తెలిసింది నాకు.

నేను వెళ్ళిన నాలుగో రోజు, పగటి షిఫ్టులో, వాడు పనిచేసే చోట మందు కలిపే రియాక్టరు పేలింది. మరదలు గేటు దగ్గరికి పరిగెత్తేసరికి అరల్లో ఫోన్లన్నీ మోగుతున్నాయట. తీసేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు. వాటిలో వాడిది కూడా ఉంది, అది మోగించేది తనే. వాడు పటాన్‌చెరు ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. మొదటి రెండు రోజులు మాట్లాడాడు. యాత్ర మేనేజరు నంబరు ఇంట్లో గోడ మీదే రాసి ఉంది. మేనత్త చెయ్యనివ్వలేదు.

ఇంటికొచ్చి బీరువా తీస్తే ఫోనులో ఇంకా ఒక గీత చార్జింగు మిగిలే ఉంది. తొమ్మిది పిలుపులు, అన్నీ మరదలి నంబరు నుంచే. మేనేజరుకు చెయ్యలేదు సరే, తాళం వేసిన ఇంట్లో బీరువాలో ఉందని తెలిసిన ఫోనుకు ఎందుకు చేసినట్టు? ఆ లెక్క నాకు కుదరలేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పండగలకు వెళ్ళాం, వచ్చాం. మేనత్త పోయింది, కర్మకు ఇద్దరం పక్కపక్కన కూర్చుని విస్తళ్ళు కుట్టాం. అప్పుడూ ఆ మాట రాలేదు.

మొన్న తనే చెప్పింది. నేను స్టవ్వు ఆపి వచ్చి కూర్చోగానే తలవంచుకుని అందుకుంది. "మా అమ్మ మంచంల పడ్డది వదినె. ఇయ్యాలో రేపో అంటున్నరు. నువ్వు పోకపోతే నా పాణం పోదే, నా పేరు మీద దండం పెట్టి రా అంటది. మా అన్నలేమో ఫోను పెట్టిపో అంటున్నరు, మల్ల మధ్యల తెలిస్తే యాత్ర ఖరాబైతదట. నాకేమో ఆయనే యాదికొస్తున్నడు."

"ఏం యాదికొస్తున్నాడు?"

"అక్కకు కలుపు, అక్కకు కలుపు అని ఒకటే లొల్లి. అత్తమ్మ మేనేజరుకు చెయ్యొద్దన్నది. నేనేం చెయ్యాలె? మీ నంబరుకే చేసి చెవి కాడ పెట్టిన. మోగుతున్నది గదా, జెర ఊకుంటడని. లేపుతలేదేందే అంటడు, మల్ల చెయ్యమంటడు. ఆఖరుకు మోగుడు బంద్ అయినంక, మీరు లేపిన్రనుకున్నడు. మాట్లాడిండు."

"ఏమన్నాడు?" అన్నాను.

"మంచిగ చేరుకున్నవా అక్కా అన్నడు. చలి బాగున్నదా, చెవులు కప్పుకో అన్నడు. నాకేం కాలే, జెర కాలింది గంతే అన్నడు. ఇగ పెట్టేస్తున్న, నీ పైసలు పోతయ్ అన్నడు."

నేను లేచి కుక్కరు మూత తీశాను. దాని ఆవిరి ఎప్పుడో దిగిపోయింది.

"ఫోను తీసుకెళ్ళు అమ్మాయ్" అన్నాను. "అక్కడి సిమ్ము కొనుక్కో, నంబరు ముందు నాకు చెప్పు. రోజూ పొద్దున కంది వెళ్ళి మీ అమ్మ చెవి దగ్గర నేనే ఫోను పెడతాను. ఏదైనా అయితే నువ్వు గుడి మెట్టు మీద ఉన్నా సరే చెప్తాను. దర్శనం పోతే పోనీ. కొండ ఎక్కడికీ పోదు."

"యాత్ర చెడగొట్టిన్రని మావోళ్ళు మిమ్మల్ని అంటరు వదినె."

"అననీ. మా మేనత్తను నేను అనలేదా, ఇన్నాళ్ళూ లోపల."

ఆమె కళ్ళు తుడుచుకుని, "పప్పు ఉడకనట్టున్నది" అంది. ఉడకలేదు.

నిన్న వాళ్ళ బస్సు వెళ్ళింది. ఇవాళ పొద్దున కంది వెళ్ళి, ఆ ముసలమ్మ చెవికి ఫోను ఆనించాను. ఆమె ఒక్క మాటే అంది, "తిన్నవా బిడ్డా?" అవతల కూతురు ఏడుస్తూ ఏదో చెబుతుంటే నేను కిటికీలోంచి బయటి పొలం చూశాను. వచ్చే దారిలో పాత లెక్క ముగించాను. పోయినవి ఇవి: తమ్ముడు. వాడికి మాట ఉన్న రెండు రోజులు. ఎవరూ ఎత్తని తొమ్మిది పిలుపులు. పటాన్‌చెరు ఆసుపత్రి నుంచి నా వంటింట్లోకి రావడానికి నాలుగు మాటలకు పట్టిన ఆరేళ్ళు.