రెండు సూదుల చేతికి మొదటి మిషన్

కోడలికి అత్త పెట్టిన పేరు బొంగరం. ముద్దుకు పెట్టిందా, ఒళ్ళుమండి పెట్టిందా అంటే, రెండూ నిజమే అనుకోవాలి. కూర్చుని చేసే పనిలో ఉండి ఇంత కుదురు లేని మనిషిని అత్త తన జన్మలో చూడలేదట. సంచి సగం కుట్టి లేచి పొయ్యి మీద గిన్నె దించేది, కిటికీలోంచి కింద వీధిలో పోయేవాళ్ళకి ఒక మాట విసిరేది, మళ్ళీ వచ్చి సంచిని కదలకుండా బిగించే చెక్క పట్టు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎక్కడ ఆపిందో అక్కడే అందుకునేది. ఇంతా చేసి కుట్టు మాత్రం వెంట్రుకంత వంకర పోయేది కాదు. తిడదామంటే అత్తకు అక్కడ చోటు దొరికేది కాదు పాపం.

తోలు సంచుల పని అత్తది. కోడలు కాపురానికి వచ్చాక నేర్చుకుంది. దారం ఒకటే, దాని రెండు కొసలకీ సూదులు రెండు. మొనదేలిన ఆరెతో కన్నం పొడిచి, ఆ ఒక్క కన్నంలోంచే రెండు సూదుల్నీ ఎదురెదురుగా దూర్చి, రెండు చేతుల్తో రెండు పక్కలకీ బిగించి లాగాలి. ఆ లాగుడులోనే ఉంది పనంతా. కోడలికి చెయ్యి తిరిగాక అత్త ఒకరోజు ఉన్నట్టుండి సూదులు పక్కన పెట్టేసి, "ఇక నీ రాజ్యం నువ్వు ఏలుకో" అంది. కళ్ళు ఆనడం లేదని చెప్పింది. అందరూ నమ్మారు.

అలాంటి బొంగరం ఈ మధ్య మరీ అన్యాయంగా తిరుగుతోంది. మిషన్ కొనాలి. ఎందుకయ్యా అంటే, పని తొందరగా తెములుతుందని మొగుడికి చెప్పింది. అది పైకి చెప్పే మాట. లోపలి మాట వేరే ఉంది. కుడిచేతి బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు మొద్దుబారిపోయాయి. సూది పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు, జారిపోతే జారినట్టు తెలియదు. డాక్టరుకు చూపించుకుంటే, "ఆ లాగుడు ఆపమ్మా, లేకపోతే ఎడం చెయ్యి కూడా ఇదే దారి పడుతుంది" అన్నాడు. ఆపితే తను ఎవరు? వండి వడ్డించే మనిషి ఇంటింటికీ ఉంటుంది. వీధి చివర దుకాణంలో సంచిని తిప్పి చూసి, "ఇది ఆవిడ చేతి కుట్టు" అనే మాట ఉంది చూశారూ, అది పోతుంది. అదొక భయం. చేతి సంగతి అత్తకు గానీ తెలిసిందా, పని మాన్పించి మూల కూర్చోబెడుతుందని ఇంకో భయం. అందుకని చేతిని కొంగు చాటున పిసుక్కుంటూ ఊరంతా తిరిగింది.

కింద వాటాలో టైలర్ని అడిగింది. సోఫాలకు సీట్లు కుట్టేవాణ్ణి అడిగింది. చెప్పులు కుట్టే ముసలాయన్ని అడిగింది. ఒకరు మోటారు చూడమన్నారు, ఒకరు సూది చూడమన్నారు, ఒకరు అసలు వద్దమ్మా అన్నారు. పొద్దున ఒకటి ఖాయం చేసుకునేది, అన్నం తినేలోపు అది కొట్టేసేది. తప్పుడుది కొంటే మళ్ళీ కొనే స్తోమత లేదు. ఉన్న రెండు గదుల్లో ఇంకోటి పెట్టే చోటూ లేదు. తప్పు చేస్తే ఇక చేతులు ముడుచుకు కూర్చోవడమే.

మొగుడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకుని నవ్వేవాడు. "నన్ను ఒప్పుకోవడానికి నీకు ఒక్క పూట పట్టింది. దానికి నెలరోజులా!"

"అందుకే ఈసారి జాగ్రత్తగా చూసుకుంటున్నా" అంది.

అత్త నవ్వలేదు. "మిషన్ కుట్టూ ఒక కుట్టేనా? ఒక్క పోగు తెగిందంటే వరసంతా ఊడి చేతికొస్తుంది" అంది. ఎప్పుడూ అనేదే. కానీ కోడలు మిషన్ల షాపుకు బయల్దేరిన రోజు, పిలవకుండానే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. చంకలో తన పాత గోధుమరంగు సంచి, అందులో కళ్ళజోడు, మందుబిళ్ళలు. వద్దంటే ఊరుకునే రకమా? కోడలు పళ్ళు నూరుకుంటూ బస్సెక్కించింది.

షాపంటే పొడుగాటి రేకుల షెడ్డు. ఎటు చూసినా మిషన్లే, ఎటు పీల్చినా నూనె వాసనే. షాపాయన బట్టతల మనిషి, నోరు మోటారుకంటే జోరు. తిన్నగా తీసుకెళ్ళి బల్లంత వెడల్పు మిషన్ ముందు నిలబెట్టాడు. "దీన్ని మించింది లేదమ్మా. పై తోలూ కింద తోలూ కలిసి నడుస్తాయి, ఒకటి వెనకబడే మాటే లేదు. మీరు తొక్కడమే ఆలస్యం!"

కోడలు ఇంటినుంచి తోలు పట్టీలు తెచ్చుకుంది, నున్నగా, సమంగా కోసినవి. రెండు పట్టీలు కలిపి సూది కింద పెట్టి తొక్కింది. అలవాటైన చేతులాయె! సూది దిగగానే రెండు చేతులూ వాటంతట అవే చెరో పక్కకి బిగించి లాగాయి. టక్కున సూది విరిగి ఎగిరిపడింది.

"అయ్యో, లాగకూడదమ్మా!" షాపాయన నొచ్చుకున్నాడు. "దారం అదే బిగించుకుంటుంది. మీరు దారి చూపిస్తే చాలు."

కోడలి మొహం ఎర్రబడింది. వేరే సూది వేశాక ఒళ్ళు దగ్గర పెట్టుకుని తొక్కింది. ఈసారి పట్టీ సర్రుమని అవతలికి వెళ్ళిపోయింది. తిప్పి చూసుకుంటే ముత్యాల్లాంటి కుట్లు! పూటంతా పట్టే పని గుటక వేసేంతలో అయిపోయింది. బొంగరం మనసు ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళకి తన జోరుకి తగ్గ జోడీ దొరికిందనుకుంది.

"ఇదే. ఇంటికి పంపించండి."

"ఆగవే" అంది అత్త. చంకలో సంచి తీసి, కళ్ళజోడూ బిళ్ళలూ షాపాయన చేతిలో పోసి, ఖాళీ సంచి కోడలి ముందు పెట్టింది. "పట్టీలు కాదు, దీని అడుగు కుట్టు."

కోడలు విసుగ్గా సంచి అందుకుని సూది కిందికి తోసింది. వెళ్ళలేదు. తిప్పింది, పక్కకి వాల్చింది, ఒక వైపు నొక్కింది. సంచి గోడలు మిషన్ బల్లకి అడ్డంపడ్డాయి, అడుగు మూల సూది దాకా రానేలేదు. వాళ్ళ పనిలో సంచిని ముందు పెట్టెలా నిలబెట్టి అతికించి, ఆ తర్వాతే చుట్టూ తిరిగి కుడతారు. చేతికయితే ఏ మూలైనా ఒకటే. బల్లకి అలా కాదు. నెలరోజులు ఊరంతా తిరిగి అందర్నీ అడిగి, చివరికి సంచులు కుట్టే మనిషి సంచి తేకుండా పట్టీలు పట్టుకొచ్చింది! చేతి కుట్టులో పట్టీ పరీక్షే పరీక్ష మరి. కుట్టు బాగుంటే అన్నీ బాగున్నట్టే.

షాపాయన తల గోక్కున్నాడు. "మీరు నిలబెట్టి కుడతారని నాకేం తెలుసమ్మా? అయితే ఇటు రండి." మూలనున్న ఇంకో మిషన్ మీది గుడ్డ తీశాడు. దానికి బల్ల లేదు. మోచెయ్యి చాపినట్టు ఇనప గొట్టం ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. సంచిని చొక్కా చెయ్యి తొడిగినట్టు ఆ గొట్టానికి తొడిగేశాడు. అడుగు మూల సరిగ్గా సూది కిందికి వచ్చి కూర్చుంది. "పట్టుంది గానీ పరుగు లేదండి. నత్తనడక."

"నా ఖర్మ" అంది కోడలు. నిజంగానే ఏడుపొచ్చింది.

షాపాయన సంచి అడుగు కుట్టు మీద వేలు పెట్టి ఆగాడు. "పెద్దమ్మగారూ, ఇది ఎవరు కుట్టారు? ఇంతదాకా రాయిలా ఉంది. ఇక్కణ్ణించి వదులైపోయింది."

కోడలు ఎన్నోసార్లు చూసిన వదులే అది. అత్త కుట్టిన ఆఖరి సంచి. కళ్ళు ఆనక అలా అయిందని ఆవిడే చెప్పింది కదా!

"నేనే" అంది అత్త. "అక్కడికొచ్చేసరికి నా వేళ్ళు నాకు తెలియలేదు."

కోడలు చటుక్కున తలెత్తింది. "కళ్ళన్నారు కదా!"

"కళ్ళకేమే, జోడు పెట్టుకుంటే నిక్షేపంలా ఉన్నాయి. నీ కుడిచెయ్యి సంగతి ఎలా కనిపెట్టాననుకున్నావ్? స్పర్శ ఉన్న చెయ్యి సూదిని చూడకుండా పట్టుకుంటుంది. నువ్వు కిటికీలోంచి కబుర్లాడుతూ కుట్టిన దానివి. ఇప్పుడు గుడ్లప్పగించి వేళ్ళకేసి చూస్తూ కుడుతున్నావ్. నేనూ అలాగే చూసుకున్నాను."

కోడలికి కోపం నషాళానికి అంటింది. షాపని లేదు, పరాయి మనిషి ఉన్నాడని లేదు. "మరి నాకెందుకు చెప్పలేదు? ఈ లాగుడు వల్లే అని తెలిసీ నాకు నేర్పించారా? చూస్తూ చూస్తూ!"

"చెప్తే నేర్చుకునేదానివా?" అంది అత్త. "ఈ పని నాతోనే పోతుందేమోనని బెంగ పెట్టుకున్నాను. నువ్వొచ్చావు. నీ చెయ్యి చూస్తే ముచ్చటేసింది. నా ఒక్కదాని రాతే అలా ఉందేమో అనుకున్నాను. నీ చెయ్యి కూడా పోతుందని తెలిస్తే నీ మీదొట్టు, సూది ముట్టనిచ్చేదాన్ని కాదు. ఇంకా తిట్టాలంటే తిట్టు. కానీ ముందు అది కుట్టు."

షాపాయన చేతిలో కళ్ళజోడూ బిళ్ళలూ పక్కన పెట్టి మోటారు స్విచ్చి వేశాడు.

కోడలు పెడల్ మీద కాలు పెట్టింది. వదులైన కుట్టు దగ్గర మొదలుపెట్టింది. పాత కన్నాల మీదుగా సూది దిగింది. చేతులు మళ్ళీ లాగబోయాయి.

"లాగకే తల్లీ" అంది అత్త మెల్లగా. "అది లాక్కుంటుంది. నువ్వు వదిలెయ్."

వదిలేసింది. మిషన్ ఒక్కో కుట్టూ తీరిగ్గా వేసుకుంటూ, మూల దగ్గర ఆగి, సంచి తిప్పేదాకా ఓపిగ్గా ఉండి మళ్ళీ కదిలింది. బొంగరం కూడా దానితోపాటే నెమ్మదిగా వెళ్ళక తప్పలేదు. లేవడానికి లేదు, కిటికీ అసలే లేదు. చివరి కుట్టు పడ్డాక దారం తెంపి సంచి అత్త చేతిలో పెట్టింది.

అత్త బొటనవేలితో కుట్టు పొడవునా తడిమింది. మళ్ళీ తడిమింది. తల అడ్డంగా ఊపి సంచి తిరిగి ఇచ్చేసింది. "నాకేం తెలియడం లేదు. బిగువుందో లేదో నువ్వే చెప్పు."

కోడలు కుడి బొటనవేలు ఆనించింది. దానికీ ఏమీ తెలియలేదు. అత్త మొహంలోకి చూడకుండా సంచి చెయ్యి మార్చుకుని, ఎడంచేతి వేలితో మొదటినుంచీ తడుముకుంటూ వచ్చింది. ఒక్కో కుట్టూ గట్టిగా, విడివిడిగా వేలికి తగిలింది.

"బిగువుగానే ఉంది అత్తయ్యా."

"అయితే ఇదే తీసుకో" అంది అత్త. "ఆ చెయ్యైనా నీకు మిగలాలి."