పిన్ని ఊపిరి కోసం ఊరు మారిన మస్తాన్ బాబాయ్

నిన్న పొద్దున్నే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మస్తాన్ బాబాయ్ పేరు.

"ఏంది బాబాయ్, ఇంత పొద్దున్నే?" అన్నాను.

అవతల ఖాసింబీ పిన్ని. జన్మలో ఫోన్ ముట్టుకోని మనిషి.

"మీ బాబాయ్ పోయాడమ్మా. నిద్దట్లోనే."

మొన్న ఆదివారమేగా, చేపల పులుసు తినడానికి రమ్మని పిలిచాడు! వస్తాలే అన్నాను. అంతే.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సొంత బాబాయ్ కాదు. నరసరావుపేటలో మా పక్కింటాయన. గోడకి అటు వాళ్ళు, ఇటు మేము.

ఎనభైల్లో ఆయనది మోటార్ వైండింగ్ షాపు. ఎండాకాలం వచ్చిందంటే నకరికల్లు నుంచీ, వినుకొండ నుంచీ కాలిపోయిన బోరు మోటార్లు ట్రాక్టర్ల మీద వచ్చి పడేవి. మస్తాన్ చుట్టిన మోటారంటే రైతులకి అదో గ్యారంటీ.

ఇంటి ముందు గదే షాపు. వెనక గదిలో పిన్ని.

పిన్నికి ఉబ్బసం. షాపులో వార్నిష్ వాసన, రోడ్డు దుమ్ము, మిరపకాయల సీజన్‌లో ఆ ఘాటు... ఒకటా రెండా! గోడకి దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. పాపం, ఆవిడ నడుం వాల్చి పడుకోగా నేనెప్పుడూ చూడలేదు.

గుంటూరు డాక్టరు ఊరు మార్చమన్నాడు. మార్చకపోతే ఎక్కువ కాలం బతకదని బాబాయ్‌ని పక్కకి పిలిచి చెప్పాడు.

అందరూ వినుకొండ వెళ్ళమన్నారు. పిన్ని పుట్టిల్లు. అక్కడా మోటార్లున్నాయి, షాపు పెట్టుకోవచ్చు.

బాబాయ్ వింటేనా!

బాపట్ల అవతల, సరుగుడు తోటల పక్కన, సముద్రం దగ్గర ఒక చిన్న ఊరు పట్టుకున్నాడు. ఎవరిదో తోటలో మోటారు బాగుచేయడానికి వెళ్ళి చూశాడట. ఊళ్ళోకి బస్సు కూడా రాదు. పిన్ని అప్పటికి సముద్రం మొహమే చూడలేదు.

మా అమ్మ ఊరుకుంటుందా? గోడ మీద నుంచే అందుకుంది.

"ఒరేయ్ మస్తానూ, నీకేమన్నా పిచ్చా? ఆ ఇసకలో మోటార్లు ఎవడికి చుడతావురా?"

బాబాయ్ చేతిలో రాగితీగ వదలకుండానే చెప్పాడు.

"అక్కా, ఈడ షాపు మోతలో దాని పిల్లికూతలు నాకు ఇనపడటంలా. లోపల అది ఊపిరాడక గిలగిల్లాడతన్నా నాకు తెలవటంలా. ఆ ఊరు చానా సైలెంటు అక్కా. ఆడైతే ఇనపడతయ్."

అమ్మ లోపలికొచ్చి ఏడ్చింది.

ఇంటర్ పరీక్షలయ్యాక సెలవులకి నేనూ ఆ ఊరు వెళ్ళాను. తాటాకుల ఇల్లు. పిన్ని మొహం మాడ్చుకుని ఉంది. నన్ను తెచ్చి ఈ ఇసకలో పడేశాడు, మాట్లాడే దిక్కు లేదు అని నా దగ్గర ఒకటే గోల.

బాబాయ్ అప్పుడే ఇంటి దగ్గర చేతి బోరు వేయిస్తున్నాడు. ఇది చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు.

రెండు పైపులు దిగేసరికి నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు! బోరు వేసేవాళ్ళు చాలు, ఆపేస్తామన్నారు.

అబ్బే! పల్నాడు మనిషి కదా. మన దగ్గర అంత లోతులో తడి కూడా తగలదు. ఇంత పైన పడ్డ నీళ్ళు రేపటికి ఎండిపోతాయని ఆయన భయం.

"దించండయ్యా, ఇంకా దించండి. నీళ్ళంటే కిందుంటయ్" అని దగ్గరుండి మరీ దింపించాడు.

దింపేకొద్దీ ఉప్పు. చివరికి పంపు కొడితే సముద్రమే వచ్చింది. ఆ నీళ్ళతో టీ పెట్టి నాకిచ్చింది పిన్ని, కావాలనే. ఒక్క గుక్కకే ఉమ్మేశాను. పిన్ని ఒకటే నవ్వు.

బాబాయ్ మాత్రం నవ్వలేదు.

మంచినీళ్ళ బావి ఊరికి ఆ చివర ఉంది. అంత దూరం నుంచి బిందెలు మోస్తే పిన్నికి మళ్ళీ ఆయాసం మొదలవుతుంది. అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"తప్పు చేశానే. సామాను సర్దు. పేట పోదాం."

అప్పుడు చూడాలి పిన్నిని!

"ఏందయ్యా, యాడికి పోయేది? వచ్చినకాడ్నుంచి చూస్తన్నావా లేదా? నేను పడుకుని నిద్రపోతన్నా. నడుం వాల్చి ఎన్నేళ్ళయిందో నీకు తెలవదా? ఆ పైపులు పీకిచ్చి, ముందు నీళ్ళు పడ్డకాడికే దించు. నువ్వు పోతే పో. నేను మాత్రం రాను."

అంత పొడుగు మాట మధ్యలో ఆగకుండా, రొప్పకుండా ఆవిడ మాట్లాడగా మేమిద్దరం వినడం అదే మొదలు.

బాబాయ్ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. నేనూ ఏడ్చేశాను.

పైపులు పీకించారు. మంచినీళ్ళే వచ్చాయి.

మోటార్లు లేని ఊళ్ళో బాబాయ్ పడవ ఇంజన్లు నేర్చుకున్నాడు. ఫ్యాన్లు, రేడియోలు, ఏది తెచ్చినా కాదనకుండా బాగుచేసేవాడు. పేటలో ఉన్న పేరు అక్కడ మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒక్కసారైనా దాని గురించి బాధపడితే ఒట్టు.

ముందు పోతుందని అందరూ అనుకున్న పిన్ని ఉంది. బాబాయ్ వెళ్ళిపోయాడు. నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న ఆ ఊళ్ళో ఒక్క పడవ కూడా వేటకి కదల్లేదు. జనాజా మోసింది ఆ పడవలవాళ్ళే.

ఈరోజు వినుకొండ చుట్టాలు పిన్నిని తమతో వచ్చేయమన్నారు. ఒక్కదానివే ఇక్కడెలా ఉంటావని బతిమాలారు.

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"నా ఊపిరి కోసం ఆయన ఎతికి పట్టుకున్న ఊరమ్మా ఇది. ఆయన్ని ఈడ పెట్టి నేను యాడికొస్తా?"

బాబాయ్, ఇంక నువ్వు చెవులు రిక్కించుకుని మేలుకుని ఉండక్కర్లేదు.
పిన్ని ఊపిరి బాగానే ఉంది.
నిశ్చింతగా నిద్రపో. ఆ అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.