ఈత మట్టల అవ్వ

మా ఎదురింటి అవ్వ పోయిన నెల తెల్లవారుజామున కన్ను మూసింది. అయ్యలారా, అమ్మలారా, కబురు విని నేను వెళ్ళేసరికి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఏడుస్తూ ఒకే మాట అడుగుతున్నారు. "ఇంగ మనల్ని అడివిలోకి ఎవురు వదుల్తారప్పా?"

అది ఉత్త ఏడుపు కాదు. బంగారు గని మూతపడ్డాక ఊరిగాంలో మా గని కూలీల లైన్లో పది ఇళ్ళు బతికేది ఈత మట్టలతో ఊడ్చే పొరకలు కట్టి, బంగారుపేట సంతలో అమ్మి. మట్టలు రావలసింది కామసముద్రం వైపు రక్షిత అడవి నుంచి. ఆ అడవి గేటు మాకు తెరుచుకునేది అవ్వ పూచీ మీద.

ఒకప్పుడు ఆ గేటు మూయించిన పాపం నాదే. ఊళ్ళో పురాణం చెప్పే స్వామిని నేను. శనివారం భజనలో మైకు పట్టుకుని, కాపలా ఉన్న అడవిలో ఆకు తెంపినా దొంగతనమే, నరకమే అని గర్జించాను. అడవి కాపలాదారు ఆ భజనలోనే ఉన్నాడు. మర్నాడు ఆడవాళ్ళను తిప్పి పంపాడు. స్వామే చెప్పాడు కదా అన్నాడట.

ఆ సాయంత్రం అవ్వ మా గడపలో కూర్చుని, నేను చదివే గ్రంథం తీసి ఆ మాట యాడ ఉండాదో చూపించమంది. పుటలు తిప్పాను, తిప్పాను. దొరకలేదు. ఆమె నవ్వింది.

"నీకు నోరు అడివంత ఉండాది సామీ. అడివినే చూడలా నువ్వు. రేపు నాతో రా."

కాపలాదారును బతిమాలుకుని లోపలికి వెళ్ళాం. పొదకు నాలుగే ముదురు మట్టలు కోసింది. నడుమ నిటారుగా ఉన్న లేత మొవ్వ జోలికి పోలేదు. అది తెగితే చెట్టే చస్తుంది. "మొవ్వ దేవునిది, ముదురు మనది" అంది. కోసిన పొదకు ఒక ఆకు ముడి వేసింది, మళ్ళీ పెరిగేదాకా ఇంకొకరు తాకకుండా. ఇన్నేళ్ళు చదివిన నాకు ఏ శ్లోకమూ ఆ ముడిలా అర్థం కాలేదు.

మరుసటి శనివారం అదే మైకులో తప్పు ఒప్పుకున్నాను. అవ్వ వెంట అటవీ అధికారి దగ్గరికీ పోయాను. ఒక్క మొవ్వ తెగినా దారి మూసేస్తానని ఆయన అన్నాడు, తెగదని అవ్వ పూచీ పడింది. అప్పటి నుంచి గేటు దాటే ముందు ప్రతి కట్టనూ ఆమే విప్పి చూసేది. తప్పు కనిపిస్తే తిట్టేది. తిట్టాక తన రాగిముద్దలో సగం పెట్టేది.

కర్మలు ముగిశాక ఆడవాళ్ళు మళ్ళీ బయలుదేరారు. ధైర్యానికి నన్నూ పిలిచారు. కాపలాదారు గేటు తీసి లోపలికి వదిలాడు. మధ్యాహ్నం తిరిగొస్తుంటే మాత్రం అడ్డంగా నిలబడి, అవ్వ కోడలి తలమీది కట్ట దింపించాడు. అతడు నేలమీద గొంతుకూర్చుని, కట్టిన నార విప్పి, అవ్వలాగే ఒక్కొక్క మట్టా తిప్పి చూశాడు. మళ్ళీ వరుసగా పేర్చాడు, నార బిగించాడు. లేచి, రెండు చేతులా ఎత్తి, ఆ కట్టను తానే కోడలి తలమీద పెట్టాడు.