నాయన దాహం

నాయన గొర్లు మేపేవాడు. బెళుగుప్ప చుట్టూ ఎండలో తిరిగి ఇంటికొచ్చి చెంబు ఎత్తితే, ఖాళీ అయ్యేదాకా దించేవాడు కాదు.

ఛాతీ నొప్పి వస్తే అనంతపురంలో స్టెంటు వేశారు. అదే రోజు అందులో రక్తం గడ్డకట్టి మూసుకుపోయింది. మళ్లీ తెరిచారు గానీ, అప్పటికే గుండె చాలావరకు దెబ్బతిన్నదని డాక్టరు అన్నాడు. ఇకమీదట నీళ్లు, ఉప్పు కొలిచి ఇవ్వాలని, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని చెప్పాడు.

అమ్మ ఆ మాటే పట్టుకుంది. పొద్దున్నే చిన్న సీసాలో నీళ్లు పోసిచ్చి, కుండలున్న వంటగదికి తాళం వేసేది. ఎండాకాలం. నాయన నాలుక పిడచగట్టుకుపోయేది. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునే కునికేవాడు. ఒకరోజు గొర్ల తొట్టిలోకి వంగి దోసిళ్లతో తాగుతుంటే అమ్మ చూసింది. కట్టెతో చేతుల మీద కొట్టింది.

"తాగితే సస్తావని సెప్పలేదా?"

"సావనీ. గొర్రెకుండే నీళ్లు నాకు లేవా?" అన్నాడు నాయన.

కొత్తచెరువు నుంచి మా మేనత్త చూడటానికి వచ్చింది. తమ్ముడి ఎండిన పెదాలు చూసి ఏడ్చింది. "నీ పెండ్లాం నిన్ను ఎండబెట్టి సంపుతాండాది" అంది. అమ్మ గొర్లు తోలుకుని పోయాక, పక్కింట్లో మజ్జిగ అడిగి, ఉప్పేసి, చెంబు నిండా ఇచ్చేది. నాయన కళ్లు మూసుకుని తాగేవాడు.

"పానం లేసొచ్చిందక్కా" అనేవాడు.

అత్త ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే నాయన కాళ్లు ఉబ్బాయి. దగ్గితే నురగ వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, అమ్మ భుజం మీద ఒరిగి, ఊపిరికోసం గింజుకుంటూ దారిలోనే పోయాడు.

నీళ్లు ఎవరిచ్చారని డాక్టరు అడిగాడు.

"నేనే. మజ్జిగే గదా అనుకొంటి" అంది అత్త.

ఇంటి దగ్గర అమ్మ ఆమెను నాయన శవాన్ని తాకనివ్వలేదు. "నీ సేత్తోనే సంపినావు. ముట్టొద్దు" అంది. శవాన్ని ఎత్తేదాకా అత్త దొడ్డి పక్కన ఎండలో కూర్చుంది.

ఊళ్లో మాత్రం అందరూ అత్త పక్షమే. అక్క ఉండబట్టి ఆఖర్లో గొంతన్నా తడిసిందని, పెండ్లామైతే తొట్టికాడ కట్టెతో కొట్టిందని చెప్పుకున్నారు. ఆ మాటలు అమ్మ చెవిన పడ్డాయి. మరుసటి రోజే గొర్లు తోలుకుని బీళ్లకు పోయింది.