దోనె గౌరి తెడ్డు ఎవరికిచ్చింది

నాకు రాయడం రాదండి, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఇన్నేళ్ళలో పుట్టింటికి నాలుగు ముక్కల ఉత్తరాలు రాయడం తప్ప కలం పట్టింది లేదు, ఏ అక్షరానికి ఏ ఒత్తు పెట్టాలో ఇప్పటికీ అనుమానమే, అందుచేత చదివేవాళ్ళు విసుక్కోకుండా నెమ్మదిగా చదువుకోవాలి. ఈ వయసులో నాకిదేం కోరికంటే, దానికి కారణం మా మనవరాలి బనీను.

మొన్న తాడేపల్లిగూడెంలో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఆ బనీను చేతికొచ్చింది. దాని మీద బూట్లు తొడుక్కుని, జుట్టు విరబోసుకుని గాల్లోకి ఎగురుతున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. ఎవరే ఈవిడ అంటే, బొమ్మల పుస్తకంలో పుట్టిందనీ, తర్వాత సినిమాలు తీశారనీ, ఆటవస్తువులూ, కంచాలూ, సంచులూ అన్నిటి మీదా ఆవిడేననీ మనవరాలు చెప్పి, మీ రోజుల్లో ఇలాంటివాళ్ళు లేరుగా నాన్నమ్మా అంది. లేకేం, మాకూ ఒకత్తి ఉండేదన్నాను. అయితే రాసిపెట్టు అని నోటుబుక్కు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నా ఈడువాళ్ళు ఎవరైనా ఈ కాగితాలు చదివితే వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆవిడ పేరు దోనె గౌరి.

పిల్లల మాసపత్రికలో నెలకి రెండు పేజీలు, పేజీకి నాలుగు బొమ్మలు, బొమ్మ కింద రెండేసి వాక్యాలు వచ్చేవి. మొత్తం ఒకే నీలం సిరాతో అచ్చు వేసేవారు, అందుకని గౌరి చీర ఏ రంగో ఎవరికీ తెలియదు. తండ్రి పోయిన పిల్ల, పెద్ద సరస్సులో దోనె నడుపుకుంటూ బతుకుతుంది. ఒడ్డున కోటలో ఉండే దొర జనం దోనెలన్నీ లాక్కుంటుంటే, ఈ పిల్ల చేతిలో తెడ్డు తప్ప ఇంకేమీ లేకుండా వాళ్ళందరినీ ముప్పుతిప్పలు పెడుతుంది.

మా ఊరు కొల్లేట్లో ఒక లంక. మా వాళ్ళంతా చేపల వేట మీద బతికేవాళ్ళు, ఆడవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పత్రిక మాకు చేరడం గాజుల సాయిబు గారి చలవ. ఆయన ఏలూరు నుంచి నెలకోసారి తాళ్ళకి గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని లంకలన్నీ తిరిగేవారు. వాళ్ళమ్మాయి చదివేసిన పత్రిక ఒకసారి గాజులు చిట్లకుండా చుట్టి తీసుకొస్తే, ఆ కాగితం విప్పి నేను గడగడా చదివేశాను. ఆ తర్వాత ఆయన దాన్ని నలగకుండా మడిచి నాకోసమే తెచ్చేవారు, నీలం గాజులకి గౌరి గాజులని పేరు పెట్టి అమ్ముకునేవారు కూడా. నాకప్పుడు పదేళ్ళు నిండి పదకొండో ఏడు.

మధ్యాహ్నం పూట మా అమ్మమ్మ గారి పంచలో ఆడవాళ్ళంతా కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉండేవారు. సాయిబు గారు వచ్చిన రోజున నేను మధ్యలో పీట వేసుకుని కూర్చుని, బడిలో పంతులు గారు నేర్పినట్టు అక్షరాల కింద వేలు పెట్టి జరుపుకుంటూ చదివేదాన్ని, చదివాక పుస్తకం అందరి చేతుల్లోకీ వెళ్ళి వచ్చేది. బొమ్మలు చూసి వాళ్ళు తప్పులు పట్టేవారు. మా కొల్లేట్లో లోతు తక్కువ, పొడవాటి వెదురు గెడ నేలకి తన్ని దోనె తోసుకుంటాం గాని తెడ్డు ఎవరు వేస్తారు? ఈ బొమ్మలేసినాయన జన్మలో దోనె ఎక్కి ఉండడనేది మా అమ్మమ్మ. పక్కింటి పెద్దమ్మైతే గౌరి నిలబడిన తీరు చూసి, అలా నిలబడితే దొర మనుషులు అక్కర్లేదు, అదే నీళ్ళలో పడుతుందని నవ్వేది. అయినా మళ్ళీ నెలకి అందరికంటే ముందొచ్చి కూర్చునేది ఆవిడే.

వాళ్ళలో మా పిన్ని ఒక్కతే ఏమీ అనకుండా వినేది. అమ్మ చెల్లెలు, అప్పటికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. బాబాయి జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు, పిల్లల్లేరు. సాయిబు గారు మలారం విప్పితే పిన్ని కాస్త వెనక్కి జరిగి కూర్చునేది, ఆవిడకి ఇంక గాజులతో పని లేదు కదా. బాబాయిది మిగిలింది ఒక దోనె, చేపలు పట్టే వెదురు బుట్టలు కొన్ని. మేం వాటిని మావులంటాం, సరస్సు మధ్యలో కిక్కిస గడ్డి దుబ్బుల దగ్గర నీళ్ళలో పెట్టి వచ్చి, మర్నాడు వెళ్ళి తీసుకోవాలి. మా ఆడవాళ్ళు గట్టు పక్కన దోనె తోయడం మామూలే గాని, ఒంటరిగా నడి సరస్సులోకి వెళ్ళి మావులు ఎత్తుకురావడం మగవాళ్ళ పని. బాబాయి పోయాక పిన్ని ఆ పని మొదలుపెట్టింది.

దాంతో లంకలో చెవులు కొరుక్కోవడం మొదలైంది. బాబాయి వాళ్ళన్న గారు చెడ్డాయన కాదు. దోనె, మావులు తనకి అప్పగించి మరదలు తన ఇంట్లోనే ఉంటే ఇంత ముద్ద పెడతానన్నారు. పెద్దలకీ అదే సబబనిపించింది. నలుగురూ కూర్చుని పిన్నిని పిలిచి, వారం గడువిచ్చి జవాబు చెప్పమన్నారు. ఆ వారమంతా అమ్మ, అమ్మమ్మ గుసగుసలాడుకోవడం, ఇచ్చేయడమే మంచిదని అమ్మమ్మ కళ్ళు తుడుచుకోవడం నాకు తెలుసు. పిన్ని మాత్రం పైకేమీ అనేది కాదు, పొద్దున్నే గెడ తీసుకుని వెళ్ళిపోయేది. దోనె ఇచ్చేస్తే పిన్ని ఆ ఇంట్లో ఒక మూల గిన్నెలు తోముకుంటూ ఉండిపోతుందని ఆ వయసులోనే నాకు భయం పట్టుకుంది.

గడువు రేపనగా సాయిబు గారు వచ్చారు. పత్రిక నా చేతికిస్తూ, కథ అయిపోయిందంటమ్మా, మా అమ్మాయి రెండు రోజుల నుంచి అన్నం సరిగా తినడం లేదని చెప్పారు. అందరూ పని ఆపి దగ్గరికి జరిగారు, పిన్ని కూడా వచ్చింది. నేను వేలు జరుపుకుంటూ చదువుతున్నాను. గౌరి కోట దొరని ఓడించింది. పొరుగు రాజ్యం యువరాజు ఆమె ధైర్యానికి మెచ్చి పెళ్ళాడతానన్నాడు. ఆఖరి బొమ్మలో గౌరి తల వంచుకుని రెండు చేతులతో తెడ్డుని యువరాజుకి అందిస్తోంది, వెనక పల్లకీ ఉంది. కింద, ఇక నాకు దీనితో పనేముంది ప్రభూ, ఇది మీరే ఉంచుకోండి అని రాసి ఉంది.

ఆ మాటలు పైకి చదవకుండా తలెత్తాను. ఎదురుగా పిన్ని నా వైపే చూస్తోంది. ఎలా వచ్చిందో తెలియదు గాని, దీన్ని పట్టుకోవడం ఇలా ప్రభూ, దోనె మాత్రం నేనే నడుపుతాను, మీరు పక్కన కూర్చుని నేర్చుకోండి అని చదివేశాను. పెద్దమ్మ పకపకా నవ్వింది. "మరే, రాజుగారబ్బాయికి దోనె తొయ్యడం ఏం తెలుసమ్మా, మొదటి రోజే మునిగిపోతాడు" అంది. అందరూ నవ్వారు. పుస్తకం చేతులు మారింది, అందరూ బొమ్మ చూసి అవునవును, నేర్పిస్తోందన్నారు. పిన్ని దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కాసేపు చూసి, మడిచి నాకిచ్చేసింది.

మర్నాడు పెద్దల ముందు పిన్ని తల పైకెత్తకుండానే, "దోనె నాదేనండి. నేనే నడుపుకుంటాను. బావగారికి ఎప్పుడు కావాలన్నా ఇంత చేప పంపిస్తాను" అంది. బాబాయి వాళ్ళన్న గారు కాసేపు గడ్డం గోక్కుని, సరే, నీ ఇష్టమమ్మా అని లేచి వెళ్ళిపోయారు.

అందరూ పిన్ని తెగువ గురించి చెప్పుకుంటుంటే నాకు మాత్రం లోపల దడ పట్టుకుంది. నేను అబద్ధం చదవబట్టే పిన్ని అలా చెప్పిందని నా నమ్మకం. ఆ ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచి నీళ్ళు నల్లబడితే, వెళ్ళిన దోనెలన్నీ తిరిగొచ్చాయి, పిన్నిది రాలేదు. గట్టు మీద నిలబడి నేను ఏడ్చిన ఏడుపు ఇంకెప్పుడూ ఏడవలేదు. పిన్నికి ఏమైనా అయితే చంపింది నేనే అనుకున్నాను. చాలాసేపటికి కిక్కిస దుబ్బుల వెనక నుంచి గెడ కొన కనిపించింది. పిన్ని దిగి, తడిసిన చీర పిండుకుంటూ, ఎందుకే అలా ఏడుస్తావు, గాలి తగ్గేదాకా దుబ్బు పట్టుకుని కూర్చున్నాను అంది. అప్పుడైనా నిజం చెప్పేద్దామనుకున్నాను గాని నోరు రాలేదు.

ఏడాది తిరిగేసరికి గౌరి సినిమా అయి ఏలూరు వచ్చింది. సాయిబు గారు ఆ వార్త చెప్పగానే పెద్దమ్మ బయల్దేరదీసింది, మేం ఎనిమిది మంది ఆడవాళ్ళం రెండు దోనెల మీద గట్టుకి చేరి, అక్కడ నుంచి ఎడ్లబండిలో ఏలూరు వెళ్ళాం. పిన్ని కూడా మాతో ఉంది. నాకు దారంతా ఒకటే భయం. పుస్తకాన్నైతే నేను చదవాలి, సినిమా తనంతట తనే మాట్లాడేస్తుంది కదా.

నేల టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నాం. తెర మీద గౌరి పట్టుచీర కట్టింది, పాటలు పాడింది, తడవకుండా దోనె నడిపింది. మా వాళ్ళు అన్నీ ఓర్చుకున్నారు. ఆఖరికి పల్లకీ వచ్చింది, గౌరి తెడ్డుని యువరాజు కాళ్ళ దగ్గర పెట్టి, ఆ పుస్తకంలో మాటలే ఇంకా నాలుగు కలిపి చెప్పి కళ్ళు తుడుచుకుంది. హాలంతా చప్పట్లు. మా వరసలో ఎవరూ కొట్టలేదు.

"ఇదేంటమ్మా, తెడ్డు ఇచ్చేసింది" అంది పెద్దమ్మ.

ముందు కూర్చున్న పట్నం ఆవిడ వెనక్కి తిరిగి, "పుస్తకంలో కూడా అంతేనండి" అంది.

"మీరు సరిగ్గా చదివి ఉండరండి. మా పిల్ల ఐదో తరగతి" అంది పెద్దమ్మ, ఎంతో మర్యాదగా.

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు పిన్ని లేచి చీర దులుపుకుంటూ, సినిమా వాళ్ళకి తొందర ఎక్కువ, మధ్యలో ఏదో వదిలేసి ఉంటారు పదండి అని అందరినీ బయటికి నడిపించింది. ఆ రాత్రికి తెలిసినవాళ్ళ అరుగు మీద పడుకుని తెల్లారి తిరుగుముఖం పట్టాం. సినిమా వాళ్ళు కథ పాడుచేశారని బండిలో అందరూ తిడుతూనే ఉన్నారు.

గట్టు దగ్గర మిగతావాళ్ళు పెద్ద దోనె ఎక్కారు. నన్ను పిన్ని తన దోనెలో కూర్చోబెట్టుకుంది. కొంత దూరం వచ్చాక నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను, నీకు అబద్ధం చదివాను పిన్నీ, నన్ను కొట్టు అన్నాను. పిన్ని గెడ ఆపలేదు.

"నాకు తెలుసే అమ్మడూ. చదివేటప్పుడు నీ వేలు అక్షరాల కింద జరుగుతూ ఉంటుంది. ఆ వేళ ఆఖరి మాటలకి నీ వేలు కదల్లేదు."

మరి తెలిసీ పెద్దల ముందు అలా ఎందుకు చెప్పావని అడిగాను. పిన్ని గెడ ఇంకోసారి నేలకి తన్ని అంది.

"అది పుస్తకంలో లేదని తెలుసు. నా మనసులో ఉందని నీకెలా తెలిసిందా అనుకున్నాను. పైకి అనడానికి భయమేసి వారం నుంచి మింగుతున్న మాట, నువ్వు నలుగురిలో చదివేశావు. వాళ్ళు నవ్వారు గాని తప్పని ఎవరూ అనలేదు. అప్పుడు ధైర్యం వచ్చింది."

ఆ తర్వాత పిన్ని చాలా ఏళ్ళు ఆ దోనె నడిపింది. నేను పెళ్ళయి గూడెం వచ్చాక గౌరి కథ బుర్రకథగా విన్నాను, నాటకంగా చూశాను, మీసాలు గీయించుకున్న మగాయన గౌరి వేషం కట్టాడు. ఉంగుటూరులో తోలుబొమ్మలాట వాళ్ళు కూడా ఆడించారు. అందరూ చివరికి ఆమె చేత తెడ్డు ఇప్పించేశారు. ఇవ్వనిది మా లంకలో ఒక్కచోటే. మా లంక ఆడవాళ్ళు చనిపోయేదాకా అదే అసలు కథని నమ్మారు, వాళ్ళ కూతుళ్ళకి అలాగే చెప్పారు.

ఇప్పుడు అటు వెళ్తే సరస్సు కనపడదు, చేపల చెరువులు, వాటి గట్లు, లారీలు కనిపిస్తాయి. ఆడపిల్లలు స్కూటర్ల మీద చెరువులకి వెళ్ళి మేత లెక్కలు రాసుకుంటున్నారు, వాళ్ళని ఎవరూ ఎందుకని అడగడం లేదు, నాకు సంతోషంగానే ఉంది. కథలు కూడా ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకుంటున్నారు. చదివి వినిపించమని అడిగేవాళ్ళు లేరు, వినేవాళ్ళ మొహం చూసి ఆఖరి మాట మార్చాల్సిన పనీ లేదు. అదొక్కటే కొంచెం వెలితిగా ఉంటుంది.

ఇది చదివే మీ మొహాలూ నాకు కనపడవు. ఎదురుగా కూర్చుని ఉంటే ఎక్కడ మీకు విసుగొచ్చిందో చూసి అక్కడ సరిచేసుకునేదాన్ని. కనపడకుండా రాయడం ఇదే మొదలు, అందుకని తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించాలండి.