దైవాధీనం నమ్మిన బల్బు

దైవాధీనం గూడూరు మనిషి. బందరు చుట్టుపక్కల ఇరవై ఎనిమిదేళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నాడు. పైపు కోసం గోడ కొడితే గీత గీసినట్టుండాలి. పని పూర్తయ్యాక కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకోనిదే మెయిన్ స్విచ్ మీద చెయ్యి వెయ్యడు. మనిషి మంచివాడే గానీ, తన పనికి ఎవరైనా వంక పెడితే మాత్రం ఒళ్లు మండిపోతుంది. 'దైవాధీనం చేశాడంటే ఇక చూసుకోనక్కర్లేదు' అని జనం అంటారు. ఆ మాట చెవిన పడ్డ పూట ఆయనకు పంచదార లేని టీ కూడా తీయగానే ఉంటుంది.

మొన్న వేసవిలో చిలకలపూడి అవతల ఒక కొత్త ఇంటి దగ్గర ఆ పేరుకే ఎసరొచ్చింది. ఇల్లు వీరలక్ష్మిది. ఆమె, భర్త అంజి హార్బర్లో చేపలు కొని గుడివాడ మార్కెట్లో అమ్ముతారు. ఇంటితోపాటే ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో కూడా కొన్నారు. వరండా గోడకు దాని చార్జింగ్ పెట్టె బిగించడానికి అక్షిత అనే అమ్మాయి వచ్చింది. ఎల్లుండే గృహప్రవేశం.

పెట్టె బిగించారు, స్విచ్ వేశారు. పచ్చ లైటు రావలసిన చోట ఎర్ర లైటు వచ్చింది.

"ఎర్త్ సరిగ్గా లేదంటోందండీ," అంది అక్షిత.

"పెట్టెలోనే ఏదో తేడా ఉంటుందమ్మా. నా ఎర్త్‌కి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు," అంటూ దైవాధీనం తన సంచీలోంచి టెస్ట్ ల్యాంప్ తీశాడు. ఒక హోల్డరు, దానికి రెండు వైర్లు, ఒక బల్బు, అంతే. ఒక వైరు కరెంటుకి, రెండోది ఎర్త్‌కి పెట్టాడు. బల్బు తెల్లగా వెలిగింది.

"చూశావా? ఎర్త్ లేకపోతే ఇదెలా వెలిగింది?"

ఆ అమ్మాయి బల్బు వైపే చూస్తూ, "ముందు నుంచీ ఇదే బల్బాండీ?" అని అడిగింది.

"కాదు. వంద క్యాండిల్ బల్బుండేది. అది పగిలి నాలుగేళ్లయింది. ఇప్పుడవి ఎవడమ్ముతున్నాడు? అందుకని ఈ ఎల్ఈడీ పెట్టాను."

"దీనికి కాస్త కరెంటు చాలండీ. ఎర్త్ పేరుకి ఉన్నా వెలిగేస్తుంది. పాత బల్బయితే ఇక్కడ గుడ్డిగా వెలిగేది. మీకు అప్పుడే తెలిసిపోయేది."

ఆ పిల్ల కాస్త పొగరుగా అని ఉంటే నాలుగు దులిపేసి ఊరుకునేవాడు. మెల్లగా అంది. ఇక చేసేది లేక గడ్డపార తీసుకుని ఎర్త్ గొయ్యి తవ్వాడు. పైపు పైకి లాగితే దాని కొసకంటా పొడి ఇసుకే. అక్కడి ప్లాట్లన్నీ ఒకప్పుడు వరిచేలు. ఆరడుగులు ఇసుక తోలి మెరక చేశారు. దైవాధీనం దింపిన పైపూ ఆరడుగులే. కింద ఎప్పుడూ తడిగా ఉండే నల్లమట్టిని అది తాకనే లేదు. 'సముద్రం పక్క ఊరు, నేలంతా ఉప్పూ చెమ్మే, ఇంకా లోతెందుకు' అనుకోవడం ఆయనకు అలవాటైపోయింది. మెరక చేసిన నేల ఆ నేల కాదని ఆలోచించలేదు.

మర్నాడు చేతిబోరు వేయించి, నల్లమట్టి తగిలాక ఇంకో నాలుగడుగులు పైపు దింపాడు. పచ్చ లైటు వచ్చింది.

"బాబాయ్ చెయ్యి పడ్డాక ఇంక తిరుగుంటుందా!" అని వీరలక్ష్మి సంబరపడిపోయింది. ఎప్పుడూ మురిసిపోయే మాటే. ఆ రోజు మాత్రం ముల్లులా గుచ్చుకుంది. బల్బు మారాక మెరక ప్లాట్లలో తాను చేసిన ఇళ్లు ఇంకా పదకొండున్నాయి. ఏ ఇంట్లో ఎర్త్ సరిగ్గా లేకపోతే లీకైన కరెంటు మనిషి ఒంట్లోంచే నేలకు దిగుతుంది. ఏ గ్రైండరు మీద ఎవరి తడిచెయ్యి ఉందో!

అన్నిటికన్నా గూడూరులో సీతమ్మ ఇల్లు ఆయన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆమె వాళ్ల చర్చి సంఘం మనిషే, డెబ్బై దాటింది. ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోందని రెండేళ్ల కిందట కబురు చేసింది. దైవాధీనం వెళ్లి, ఆ బల్బే వెలిగించి చూపించి, "ఏమీ లేదక్కా, చెప్పులేసుకో చాలు" అని వచ్చేశాడు. ఇప్పుడు ఊరికే చూడ్డానికొచ్చానని చెప్పి గుట్టుగా సరిచేసి రావచ్చు. ఎవరికీ తెలియదు, పేరూ పోదు. గూడూరు దాకా బండి మీద అదే ఆలోచన. తీరా వెళ్లేసరికి ఆమె వంటింట్లో రబ్బరు చెప్పులతో కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక వంటింట్లో చెప్పులేసుకుని ఎరగని మనిషి.

"ఇంట్లో కూడా ఏంటక్కా ఆ చెప్పులు?"

"నువ్వేగా వేసుకోమన్నావు!"

ఇక గుట్టు లేదు, పాడూ లేదు. "నీ ఇంటికి ఎర్త్ సరిగ్గా వేయలేదక్కా. తప్పు నాదే. ఆ రోజు బల్బును నమ్మాను గానీ నీ మాట నమ్మలేదు," అన్నాడు. చెబుతుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

సీతమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. "సరే, మజ్జిగ తాగి పని మొదలెట్టు," అంది.

మధ్యాహ్నానికి నల్లమట్టిలోకి పైపు దిగింది. అక్షిత దగ్గర అడిగి తెచ్చిన మీటరుతో రెండుసార్లు చూశాడు. అంతా బాగానే ఉంది. వరండాలో కళ్లు మూసుకుని, ఎప్పటికన్నా ఎక్కువసేపు ప్రార్థన చేసి, మెయిన్ వేశాడు. ముందు తానే ముట్టుకుని చూద్దామని చెప్పులు విడిచి వంటింట్లోకి వచ్చాడు.

సీతమ్మ అప్పటికే చెప్పులు విప్పేసింది. గిన్నెలు కడుగుతున్న తడి చెయ్యి తుడుచుకోనైనా తుడుచుకోకుండా ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

దైవాధీనం ఒక్క అంగలో దగ్గరికి వచ్చాడు. "అక్కా! నన్ను ముందు చూడనివ్వొద్దా?"

"ఎందుకురా? నువ్వు వేశావుగా," అని ఆమె తలుపు తీసి మంచినీళ్ల సీసా అందించింది.

ఆయన నీళ్లు తాగలేదు. సీసా గట్టు మీద పెట్టి, నేల మీద ఉన్న ఆ రబ్బరు చెప్పులు రెండూ తన చేత్తో తీసుకెళ్లి వీధి గుమ్మం బయట పెట్టాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని, కండువాతో కళ్లు తుడుచుకుని, మిగతా పది ఇళ్లకూ ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.