వెర్నాను దిగబెట్టి వచ్చాం

వెర్నా గురించి అడిగితే మా ఊరు కెనోరాలో ఎవరైనా మంచే చెబుతారు. ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. ఒక్క పిల్లను చలిలో వదిలి రాలేదు. సీటు కింద చేతితొడుగుల సంచి ఉండేది, మరిచిపోయి వచ్చిన పిల్లలను తిట్టి మరీ తొడిగేది. తల్లి మంచాన పడితే పద్నాలుగేళ్లు సేవ చేసింది, పెళ్లి ఊసెత్తలేదు. ఇదంతా నాకంటే బాగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ ముప్ఫై ఒక్క ఏళ్లూ పక్క బస్సు నాది. తెల్లవారుజామున ఐదింటికి ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగినవాళ్లం. అందుకే కొలీన్ అంటే నాకు కుళ్లు. దాచుకోవడం దేనికి?

కొలీన్ రెండేళ్ల కిందట మొగుణ్ణి వదిలేసి మా ఊరొచ్చి బస్సు పనిలో చేరింది. మాకంటే పన్నెండేళ్లు చిన్నది. వెర్నా నోరు విప్పకముందే ఇది నవ్వుతుంది. ఆదివారాలు నా వంటింట్లో వెర్నా, నేను కూర్చుని బంగాళదుంప కూరి పిరోగీలు చేసుకునేవాళ్లం. అక్కడికి వెర్నా దీన్ని వెంటబెట్టుకొచ్చింది, ఇక ప్రతి ఆదివారం అదే వరస. కొలీన్ పిండి మందంగా ఒత్తుతుంది. ఆ మాట అంటే, "కడుపులోకి పోయేదానికి కొలతలెందుకు స్టెఫా?" అంటుంది. దానికి వెర్నా పడీపడీ నవ్వుతుంది. నాకు ఒళ్లు మండిపోయేది.

అలాంటి వెర్నా యాభై ఎనిమిదో ఏట పెళ్లి చేసుకుంటానంది. వరుడు ఆస్టిన్, దేశానికి తూర్పు చివర లూనెన్‌బర్గ్‌లో చేపల పడవ నడిపి మానేసినవాడు, భార్య పోయినవాడు. ఎవరో బంధువు అంత్యక్రియల్లో పరిచయం, ఆ తర్వాత అంతా ఉత్తరాల్లోనే. జనవరిలో, శనివారం నాడు పెళ్లి.

"విమానం వద్దే. ముగ్గురం నీ బండిలో పోదాం. ఆ ఐదు రోజులైనా కలిసి ఉంటాం" అంది.

మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు, మంచులో. సరే అన్నాను. అప్పుడు చెప్పింది, పెళ్లిలో తోడిపెళ్లికూతురిగా తన పక్కన నిలబడేది కొలీన్ అని. నాకు తల కొట్టేసినట్టయింది.

"మంచిదే, దానికి గౌన్లు నప్పుతాయి" అన్నాను.

సోమవారం బయల్దేరాం. వెర్నా నడపాలి, నేను దారి చూడాలి, సాయంత్రం బస చేరగానే కొలీన్ బండికి ప్లగ్గు పెట్టాలి. ఇంజన్ బిగుసుకుపోకుండా రాత్రంతా కరెంటు మీద వెచ్చగా ఉంచాలి కదా. మా వైపు పెళ్లిరోజు మరిచిన మొగుణ్ణి క్షమిస్తారు గాని, ప్లగ్గు మరిచినవాణ్ణి క్షమించరు. అందులోనూ బస్సు డ్రైవర్లం.

మంగళవారం సాయంత్రం వైట్ రివర్ అనే ఊళ్లో ఆగాం. మైనస్ నలభై. ఆరింటికి నా సంచి కోసం బయటికొచ్చాను. గది కిటికీలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. పెళ్లికి ఎలా ఉంటుందో చూడటానికి కొలీన్ వెర్నా జుట్టు రింగులు చుడుతోంది. ముప్ఫై ఏళ్లుగా ఆ జుట్టు కత్తిరించిన చేతులు నావి. వెర్నా అద్దంలో చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది. నేను బండి ముందుకు నడిచాను.

ప్లగ్గు ఠంచనుగా పెట్టే ఉంది. వంగి పీకేశాను. పొద్దున బండి మొరాయిస్తే కొలీన్ ఎంత పనికిమాలినదో వెర్నాకు తెలిసొస్తుంది, ఓ గంట ఆలస్యమవుతుంది, అంతేగా అనుకున్నాను.

పొద్దున బండి చచ్చిపడి ఉంది. తాళం తిప్పితే చిన్న మూలుగు కూడా లేదు. కొలీన్ ముందుకెళ్లి చూసి, మంచులో పడి ఉన్న తీగ చేత్తో పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

"పెట్టాను వెర్నా. ఒట్టు, నేనే పెట్టాను."

"పెట్టావులే" అంది వెర్నా. "నేనే తన్నేశాను. పెట్టె దించుతుంటే కాలికి తగిలింది, మళ్లీ పెడదామనుకుని మరిచిపోయా. ముసలితనం."

అబద్ధమని నాకు తెలుసు. కొలీన్ కోసం అబద్ధం కూడా ఆడుతోందా అని ఇంకా కుమిలిపోయాను. సిగ్గు పడాల్సిన చోట కుళ్లుకున్నాను.

మెకానిక్ వచ్చి ఇంజన్‌ను కదిలించేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే ముందున్న దారిలో మంచు తుఫాను దిగి, రోడ్డు మూసేశారు. రెండు రోజులు అక్కడే. పొద్దున్నే బయల్దేరి ఉంటే తుఫాను దాటిపోయేవాళ్లం. వెర్నా ఆస్టిన్‌కు ఫోన్ చేసింది. శనివారం లూనెన్‌బర్గ్ హాల్లో ఎనభై మంది చుట్టాలు వండిందంతా తిని, పెళ్లికూతురు లేకుండానే డాన్సు కూడా చేసి, ఎవరిళ్లకు వాళ్లు పోయారట. మేం ఆదివారం చీకటి పడ్డాక చేరాం. సోమవారం పాస్టరు ఇంటి ముందుగదిలో పెళ్లయింది. ఉన్నది ఆరుగురం. నలిగిన గౌనులో వెర్నా, పక్కన కొలీన్.

తర్వాత నేను ఆస్టిన్ వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే వెర్నా తువ్వాలు తీసుకుని పక్కకొచ్చింది.

"ఆ సాయంత్రం నువ్వు బండి ముందు వంగడం చూశానే స్టెఫా. ప్లగ్గు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నావనుకున్నా. పొద్దున తెలిసింది."

నా చేతిలో కప్పు నీళ్లలోకి జారింది.

"మరి నీమీద ఎందుకేసుకున్నావ్?"

"కొలీన్‌కు తెలిస్తే నీ మొహం చూస్తుందా? నేను పోయాక నీకంటూ ఎవరున్నారే? ఆస్టిన్ రెండేళ్ల కిందటే అడిగాడు. నిన్నొక్కదాన్నే వదిలి రాలేక ఆగిపోయా. దాన్ని ఆదివారాలు నీ వంటింటికి ఎందుకు తెచ్చాననుకున్నావ్? నా పక్కన నిలబడమన్నదీ అందుకే. అలాగైనా అది మన మనిషి అవుతుందని."

రెండేళ్లు నాకోసం ఆగిన మనిషికి పెళ్లి కళ లేకుండా చేశాను. వెర్నా ఆ కప్పు తీసి, తుడిచి, అలమరలో పెట్టింది. తన కొత్త అలమర.

మర్నాడు కొలీన్, నేను తిరుగుదారి పట్టాం. కొలీన్ నడుపుతోంది. పాపం, "వెర్నా మతిమరుపు సంగతి ఎలా ఉన్నా, నేనైనా ఇంకోసారి చూసుకోవాల్సింది" అని దిగులుపడుతోంది. ఇక ఆగలేక చెప్పేశాను. కిటికీ సంగతి, రింగుల సంగతి, పీకిన సంగతి, అన్నీ.

కొలీన్ బండి పక్కకు తీసి ఆపింది.

"నువ్వు నడుపు" అంది. "నడుపుతూ తిట్టలేను. కూర్చుని తిడతా."

సీట్లు మారాం. క్విబెక్ దాకా తిట్టింది. వెర్నా గౌను గురించి తిట్టింది, ఆ ఎనభై మంది గురించి తిట్టింది, వంటింట్లో రెండేళ్లుగా నేను విసిరిన ప్రతి మాటా గుర్తుపెట్టుకుని తిట్టింది. అన్నీ నిజాలే, ఎదురు చెప్పలేదు. చివరికి గొంతు బొంగురుపోయి ఊరుకుంది.

"ఇక ఆదివారాలు రావా?" అని అడిగాను.

కొలీన్ మొహం తుడుచుకుని కిటికీ వైపు తిరిగింది.

"వస్తా. ఇంకా సగం కూడా తిట్టలేదు."